మా ఇంట్లో ఇంకో కుటుంబం

ఇంగ్లండులో ఇల్లు అమ్మకానికి పెట్టాలంటే ముందు ఆ ఇంటికి పరీక్ష పెట్టించాలి. ఈపీసీ అంటారు. ఇల్లు వెచ్చగా ఉంచడానికి, నీళ్లు కాగడానికి, లైట్లకి ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టి మార్కులేసి, ఏ నుంచి జీ దాకా ఒక అక్షరం అంటిస్తారు. 92 ఆ పైన వస్తే ఏ, 20 దాటకపోతే జీ. 2007లో మొదలైన రూలు. ఒకసారి తీసుకున్న సర్టిఫికెట్ 10 ఏళ్లు చెల్లుతుంది.

ఈ పరీక్షలో ఫస్టు ర్యాంకు ఖాయమనుకున్నాను. ఇంటికి కాదు, నాకు. రెడింగ్‌లో మాది 1930ల నాటి సెమీ డిటాచ్డ్. దానికి సొంత ప్రతిభంటూ ఏమీ లేదు, ఉన్నదంతా నాదే. నవంబరు వచ్చినా హీటింగు వెయ్యనివ్వను. చలేస్తోందన్నవాళ్లకి మంకీ క్యాపు అందిస్తాను. అన్నం, పప్పు, కూరముక్కలు గిన్నె మీద గిన్నె పెట్టి ఒకే కుక్కర్లో ఉడకాలని మా ఇంట్లో శాసనం. ఎవరైనా వేణ్ణీళ్ల స్నానం సాగదీస్తే తలుపు బయట నిలబడి దగ్గుతాను.

పరీక్ష పెట్టడానికొచ్చిన కుర్రాడు గదులు కొలిచాడు, బాయిలర్ ఫొటో తీశాడు, బల్బులు లెక్కపెట్టుకున్నాడు. నేను వెనకాలే తిరుగుతూ నా నిష్ఠలన్నీ ఏకరువు పెట్టాను. థర్మోస్టాట్ 16 దాటనివ్వనని చెప్పినప్పుడు గొంతు కాస్త గద్గదమైంది కూడా. అతను మర్యాదగా విని, "మీరెలా ఉంటారన్నది లెక్కలోకి రాదండీ" అన్నాడు. వంట ఖర్చు రాదు. ఫ్రిజ్జూ టీవీ రావు. నా కుక్కరు శాసనం అలా కొట్టుకుపోయింది.

అటక నన్ను ఆదుకుంటుందనుకున్నాను. అతను నిచ్చెనెక్కి, మూత తీసి, టార్చిలైటు వేశాడు. బొమ్మల కొలువు పెట్టెలు, చక్రాలూడిన సూట్‌కేసులు, మా అత్తగారు విమానంలో మోయించిన ఇత్తడి గుండిగ కనబడ్డాయి. వాటి కింద చెక్కపలకలు. ఆ పలకల కింద ఇన్సులేషన్ ఉంది. నేనే పరిచాను, ఒళ్లంతా దురదలు పెట్టించుకుని మరీ. ఇక్కడ 270 మిల్లీమీటర్ల మందం ఉండాలంటారు. అంత మందం మీద పలకలు కూర్చోకపోతే మోకాళ్లతో అదిమి మేకులు కొట్టాను. బిల్లుందా, అప్పటి ఫొటో ఏదైనా ఉందా అని అడిగాడు. టమాటాల బిల్లులు సైతం దాచే నా దగ్గర ఆ ఒక్కటీ లేదు. పోనీ ఓ పలక లేపి చూడవయ్యా అంటే, మేకులు పీకకూడదన్నాడు. కంటికి కనబడనిదీ, కాగితం లేనిదీ ఇల్లు కట్టిన కాలాన్ని బట్టి ఊహించి రాసుకోవడమేనట.

61 వచ్చింది. డి. పక్కనే ఇంకో అంకె: కొన్ని పనులు చేయిస్తే 82 తెచ్చుకోగలదు, బి. గోడల మధ్య ఖాళీ నింపించండి, పైకప్పు మీద సోలార్ పలకలు పెట్టించండి అని కింద జాబితా. 'తెలివైనవాడే, శ్రద్ధ లేదు' అని నా ప్రోగ్రెస్ కార్డు మీద ఏటా వచ్చిన మాట ఇంగ్లండు దాకా వెతుక్కుంటూ వచ్చింది. విజయవాడ నుంచి మా బావమరిది ఫోన్లో, "ఎన్ని స్టార్లొచ్చాయి బావా?" అన్నాడు. వాడికి ఫ్రిజ్జు మీద అంటించే స్టార్లే తెలుసు. నేను సిగ్నల్ సరిగ్గా లేదన్నాను.

నా పొదుపంతా ఎటు పోయిందో తేల్చుకుందామని ఆ లెక్క ఎలా వేస్తారో చదివాను. మా ఇంట్లో మేం ఉండం. ఆ లెక్కలో ఇంకో కుటుంబం ఉంటుంది. వాళ్లు ఎంతమందో ఇంటి వైశాల్యాన్ని బట్టి సూత్రం చెబుతుంది. మా 90 చదరపు మీటర్లకి రెండున్నర మంది చిల్లర. వాళ్ల హాల్లో 21 డిగ్రీలు. పొద్దున్న 7 నుంచి 9 దాకా, మళ్లీ సాయంత్రం 4 నుంచి రాత్రి 11 దాకా హీటింగు. ఎవరూ ఎవరికీ మంకీ క్యాపు ఇవ్వరు.

ఇది మా ఆవిడకి చదివి వినిపించకుండా ఉండాల్సింది. "ఏవండీ, ఆ రెండున్నరలో అర ఎవరు?" అని అడిగి, నన్ను ఎగాదిగా చూసింది.

ఆ పైన ఇంకో నీచానికి దిగాను. ఈ సర్టిఫికెట్లు ఎవరైనా చూడొచ్చు. పోస్ట్‌కోడ్ కొడితే వీధి వీధంతా బయటపడుతుంది. అందరూ పడుకున్నాక తెలిసినవాళ్ల ఇళ్లన్నీ వెతికాను. విక్టోరియా రాణి కాలపు ఇల్లని మీసం మెలేసే మిత్రుడికి ఈ. ఇటుక గోడల్లో నింపడానికి ఖాళీ అయినా లేదు, పాపం. ఎంత హాయిగా నిద్రపట్టిందో చెప్పలేను. మొన్న కొన్న డాక్టరుగారికి బి. కొత్తగా కట్టే ఇళ్లకి అది మామూలే, అందులో ఆయన గొప్పేముంది? వాళ్లూ మా పోస్ట్‌కోడ్ కొట్టి ఉంటారన్న అనుమానం మాత్రం ఉగాది భోజనాల్లో కలిగింది. ఇద్దరు ముగ్గురు నా స్వెట్టరు కేసి అదోలా చూశారు.

ఇప్పుడు ఇల్లు అమ్మకంలో ఉంది. చూడ్డానికి ఎవరైనా వస్తుంటే గంట ముందు హీటింగు వెయ్యమని ఏజెంటు చెప్పాడు. ఆ ఫోన్లు ఎత్తే బాధ్యత మా ఆవిడ తీసుకుంది. సోమవారం సాయంత్రం ఒకళ్లొస్తారంది, మంగళవారం ఇద్దరంది. ఇల్లంతా కుంపటిలా కాగుతోందే గానీ గుమ్మం తొక్కినవాడు లేడు. అనుమానమొచ్చి ఏజెంటుకి ఫోన్ చేస్తే, ఈ వారం ఎవరూ అడగలేదే అన్నాడు.

హాల్లోకి వెళ్లి చూశాను. మా ఆవిడ నేత చీరలో, శాలువా లేకుండా, సోఫా మీద కాళ్లు చాపుకుని వారపత్రిక చదువుకుంటోంది.

"ఎవరూ రాలేదేం?" అన్నాను.

"రేపు తప్పకుండా వస్తామన్నారండీ," అంది పేజీ తిప్పుతూ, "నాలుగింటికే వేసి ఉంచమన్నారు."