పళ్లచక్రం గుర్తు దీపం

గేరుబాక్సు హెచ్చరిక దీపం అంటే మీటరు బోర్డులో పసుపురంగున వెలిగే చిన్న గుర్తు: ఒక పళ్లచక్రం, దాని నడుమ ఆశ్చర్యార్థకం. ఈ కథ అలాంటి ఒక దీపానిదే. దాని కాపురం బిలాస్‌పూర్‌లో సీజీ 10 నంబరుతో తిరిగే పాత చిన్నకారులో. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు ఉద్యోగాల మీద వచ్చి స్థిరపడిన ఊరది. 2003 ఏప్రిల్ నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకి ముఖ్య కేంద్రం కూడా. కారు యజమాని అలాంటి కుటుంబానికి చెందిన పెద్దాయన, రిటైరైన లోకో పైలట్.

కారు ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) రకం. మన దేశంలో ఈ రకాన్ని మామూలు జనానికి దగ్గర చేసింది 2014లో వచ్చిన మారుతి సెలెరియో. క్లచ్ పెడల్ కనిపించదు కనుక చాలామంది దీన్ని పూర్తి ఆటోమేటిక్ అనుకుంటారు. లోపల ఉన్నది మాత్రం మామూలు మాన్యువల్ గేరుబాక్సే, మామూలు డ్రై క్లచ్చే. డ్రైవరు ఎడమకాలూ ఎడమచెయ్యీ చేసే పనిని ఈ కారులో ఒక హైడ్రాలిక్ యూనిట్ చేస్తుంది. కరెంటు మోటారుతో తిరిగే పంపు ఆయిల్‌ను సుమారు 40 నుంచి 50 బార్ల ఒత్తిడికి తెస్తుంది. ఆ ఒత్తిడి అక్యుములేటర్ అనే గట్టి డబ్బాలో నిలవ ఉంటుంది. సోలెనాయిడ్ వాల్వులు తెరుచుకోగానే అక్కడి ఆయిల్ వెళ్లి క్లచ్‌ను విడదీస్తుంది, గేరు మారుస్తుంది. ఎప్పుడు ఏ వాల్వు తెరవాలో నిర్ణయించేది ట్రాన్స్‌మిషన్ కంట్రోల్ యూనిట్.

దీపానికీ గేరుబాక్సుకీ నేరుగా సంబంధం లేదు. సెన్సర్లు కంట్రోల్ యూనిట్‌కి చెబుతాయి, అది మీటరు బోర్డుకి కబురు పెడుతుంది, దీపం వెలుగుతుంది. పళ్లు అరిగాయో, ఆయిల్ కారిందో, ఒక వైరు ఊడిందో దీపానికి తెలియదు. దాన్ని చూసి ‘గేరుబాక్సు పోయింది’ అని తేల్చేవాళ్లకు కొదవ లేదు. అంత మాట దీపం ఎన్నడూ అనలేదు.

దీపానికి రోజూ ఉండే పని ఒకటే. ఇగ్నిషన్ ఆన్ చేయగానే కొన్ని క్షణాలు వెలిగి ఆరిపోవాలి. అలా వెలగని కారును సెకండ్ హ్యాండ్‌లో కొనకూడదు, ఎవరో దీపాన్ని పీకేసి ఉండవచ్చు. వెలగని సిగ్నల్‌ను డేంజర్‌గానే లెక్కించాలన్నది రైల్వే నియమం కాబట్టి యజమానికి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేకపోయింది.

దీపం వెలిగి ఆరకుండా ఉండిపోవడం ఒక ఎండాకాలంలో మొదలైంది. కారు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఆరేది, తోర్వా వైపు ట్రాఫిక్‌లో మెల్లగా పాకుతుంటే మళ్లీ వచ్చేది. మొండి దీపం విషయంలో ముందు చూడవలసింది అది ఎప్పుడు వెలుగుతోందన్నదే: చల్లటి ఇంజనుతోనా, వేడెక్కాకా, వానలోనా, ఎండలోనా, ఎత్తు ఎక్కేటప్పుడా, గేరు పడే క్షణంలోనా. బిలాస్‌పూర్ వేసవి 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. బానెట్ కింద దానికి ఇంజను వేడి కలుస్తుంది. అందుకని వేడిలో మాత్రమే కనిపించే లోపాన్ని తెల్లవారుజామున వర్క్‌షాప్‌లో వెతికితే దొరకదు.

లోపాన్ని వెతకడం ఏ కారులోనైనా బ్యాటరీతో మొదలుపెట్టాల్సిన పని. నిండుగా ఛార్జ్ ఉన్న బ్యాటరీ, కారు ఆగి ఉన్నప్పుడు, 12.6 వోల్టులు చూపుతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే దిగజారకూడదు. ఇంజను తిరుగుతున్నప్పుడు 14 ప్రాంతంలో ఉండాలి. వోల్టేజి పడిపోతే పంపు నీరసిస్తుంది, సెన్సర్ల లెక్కలు తప్పుతాయి, బాగానే ఉన్న గేరుబాక్సు మీద నింద పడుతుంది. ఈ కారులో బ్యాటరీ నిజంగానే దిగిపోయి ఉంది. కొత్తది వేశారు, దీపం ఆరింది. కొన్నాళ్లకు మళ్లీ వెలిగింది.

అప్పుడు స్కానర్ పెట్టారు. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో దాన్ని గుచ్చితే కంట్రోల్ యూనిట్ దాచుకున్న కోడ్‌లు బయటికొస్తాయి. చవగ్గా దొరికే బ్లూటూత్ పరికరాలు చాలావరకు ఇంజను కోడ్‌లతోనే ఆగిపోతాయి. వాటిలో ‘పి0700’ కనిపిస్తే గేరుబాక్సు యూనిట్ ఏదో ఫిర్యాదు దాచుకుందని మాత్రమే అర్థం, ఆ ఫిర్యాదు ఏమిటో చూడాలంటే ఆ యూనిట్‌తో మాట్లాడగల స్కానర్ కావాలి. మెకానిక్ కుర్రాడిదీ రైల్వే కాలనీయే. “మావయ్యా, లైటు ఆర్పేమంటారా? రెండు నిమిషాల పని” అన్నాడు. “ఆర్పకురా, ముందు అది ఏం చెబుతోందో రాసుకో” అన్నది పెద్దాయన జవాబు. కోడ్ చెరిపితే దానితోపాటు ఆ లోపం వచ్చిన క్షణంలోని వేగం, వోల్టేజి, వేడి వివరాలు కూడా పోతాయి. దీపాన్ని ఊరికే ఆర్పడంలో పెద్ద నష్టం అదే.

కోడ్‌లోనూ తేడా గమనించాలి. ‘పి0840’ ప్రెషర్ సెన్సర్ సర్క్యూట్‌ను అనుమానించమంటుంది, ‘పి0868’ ఆయిల్ ఒత్తిడే తక్కువగా ఉందంటుంది; కంపెనీని బట్టి సొంత కోడ్‌లూ ఉంటాయి. ఇక్కడ వచ్చింది ఒత్తిడి తక్కువన్న మాట. బ్రేక్ లైట్ స్విచ్, అరిగిన క్లచ్, ఎలుకలు కొరికిన వైర్లు కూడా ఇదే దీపాన్ని వెలిగిస్తాయి గానీ, వాటి కోడ్‌లు వేరు. ఆయిల్ మట్టం చూశారు, సరిగ్గానే ఉంది. పైపుల దగ్గర తడి లేదు.

మిగిలిన ఆధారం చెవికి దొరికింది. ఈ రకం కార్లలో డ్రైవరు తలుపు తీయగానే పంపు కాసేపు ‘గుయ్’మని తిరిగి ఆగుతుంది, ఒత్తిడి నిండుతోందన్నమాట. ఆరోగ్యంగా ఉన్న యూనిట్‌లో ఆ తర్వాత కొన్ని గేర్లు మారేదాకా పంపు మళ్లీ తిరగనక్కర్లేదు. ఈ కారులో దాదాపు ప్రతి గేరుకీ తిరుగుతోంది. రైలింజనులో కంప్రెసర్ మాటిమాటికీ అందుకుంటుంటే గాలి ఎక్కడో పోతోందని పైలట్లు ప్రెషర్ గేజీ చూడకుండానే పసిగడతారు. పెద్దాయన అనుమానం అక్కడినుంచే వచ్చింది. స్కానర్ తెరమీద ఒత్తిడి అంకె దానికి సాక్ష్యం చెప్పింది: పంపు ఆగగానే నిండుగా ఉంది, ఒక్క గేరు పడగానే దబ్బున పడిపోయింది.

కారణం అక్యుములేటర్. దాని లోపల ఒక పొర, పొరకి అవతల నైట్రోజన్ వాయువు. ఆయిల్ లోపలికి వచ్చినప్పుడు వాయువు నలిగి, తర్వాత ఆ ఆయిల్‌ను బయటికి నెడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ వాయువు మెల్లగా జారిపోతుంది. అప్పుడు డబ్బాలో నిలవ అంటూ ఏమీ ఉండదు, పంపే ప్రతిసారీ పరుగెత్తాలి. ఊపిరాడనంతగా తిరిగే పంపు మోటారు వేడెక్కుతుంది, రిలే కాంటాక్టులు కాలతాయి, బ్యాటరీ మీద భారం పెరుగుతుంది. మొదటి బ్యాటరీ దిగిపోవడంలో దీని పాలు కూడా ఉంది. బ్యాటరీ మార్చాక కొన్నాళ్లు దీపం ఆరి ఉండటం వల్లనే అసలు రోగం అంతకాలం దాగింది.

పూర్తి హైడ్రాలిక్ యూనిట్‌ను మార్చడం కంటే, దొరికితే, అక్యుములేటర్ ఒక్కటే మార్చడం చవక. విప్పే ముందు స్కానర్‌తో ఆయిల్ ఒత్తిడిని పూర్తిగా వదిలించాలి. 40 బార్ల ఆయిల్ చర్మంలోకి దూసుకుపోగలదు. కొత్తది బిగించాక నిర్దేశించిన ఆయిల్ పోసి, గాలి తీసి, క్లచ్, గేర్ల స్థానాలను యూనిట్‌కి మళ్లీ నేర్పాలి. ఈ సెల్ఫ్ లెర్నింగ్ చేయకుండా బండిని అప్పగిస్తే గేర్లు కుదుపుతాయి, మంచి పార్ట్‌నే తప్పుపడతారు. పంపు అన్నాళ్లు అతిగా తిరిగింది కనుక దాని రిలే కూడా అప్పుడే మార్చడం మంచిది.

కోడ్‌లు చెరపడం ఇక ఆఖరి పని. చెరిపాక లోపం కనిపించిన పరిస్థితుల్లోనే, అంటే మధ్యాహ్నపు ఎండలో, ట్రాఫిక్‌లో బండిని నడిపి చూడాలి. అదే కోడ్ మళ్లీ వస్తే పంపు అరుగుదలనూ, వాల్వుల్లో లోపలి లీకునూ, ఆ తర్వాత సెన్సర్ నుంచి యూనిట్ దాకా ఉన్న వైరింగ్, ఎర్త్‌లను పరీక్షించాలి. కంట్రోల్ యూనిట్‌ను అనుమానించడం వీటన్నిటి తర్వాతే.