సిస్టమ్స్ అబ్బాయి

సోమవారం పొద్దున ఆఫీసులో మేనేజరు కన్నా ఎక్కువ గిరాకీ ఉండేది సిస్టమ్స్ అబ్బాయికి. నలభై దాటినా, జుట్టు పలచబడినా ఆయన అబ్బాయే. "బాబూ, లాగిన్ అవడం లేదు" అనగానే "క్యాప్స్ లాక్ చూశారా?" అంటాడు. పెళ్లింట్లో భోంచేశారా అని అడిగినట్టు, జవాబు కోసం కాదు.

స్క్రీన్ మీద "పాస్‌వర్డ్ తప్పు" అని పడితే ఆయన పాస్‌వర్డ్‌ని తప్ప అన్నిటినీ అనుమానిస్తాడు. కుర్చీ చూపించినా కూర్చోడు. నిలబడే మౌసు అందుకుని ముందు మూలనున్న టైము చూస్తాడు. ఆఫీసు అకౌంట్లన్నీ ఉండే యాక్టివ్ డైరెక్టరీలో మనం ఫలానా అని తేల్చే కెర్బెరోస్‌కి టైము పట్టింపు జాస్తి. సర్వర్‌కీ మన సిస్టమ్‌కీ ఐదు నిమిషాలు మించి తేడా ఉంటే ఒప్పుకోదు, మామూలు సెట్టింగ్ అదే. మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ అయిపోయిన పాత పీసీలకి అందుకే తిప్పలు.

"మేడమ్, మీ సిస్టమ్ ఇంకా 2009లోనే ఉంది."

"నేను చేరిందే 2012లో కదా బాబూ!"

టైము సరిగ్గా ఉంటే చూపు పేర్లకి అడ్రసులు చెప్పే డీఎన్‌ఎస్ మీదికి మళ్లుతుంది. నెట్ స్లో అని ఎవరో వీడియో చూసి గూగుల్ వాళ్ళ 8.8.8.8 పెట్టేసి ఉంటారు. పాటలు బ్రహ్మాండంగా వస్తాయి. లాగిన్లు చూసే మన సర్వర్, అదే డొమైన్ కంట్రోలర్, ఏ మూలనుందో గూగుల్‌కేం తెలుసు? "ఎవరు మార్చారండీ?" అంటే ఎవరూ మార్చలేదు. ఏ ఆఫీసులోనూ ఎవరూ ఏదీ మార్చరు.

ఆయన ముఖం వెలిగేది మాత్రం అకౌంట్ లాకైనప్పుడే. పెద్దసారు శుక్రవారం పాస్‌వర్డ్ మార్చారు. సోమవారం అన్‌లాక్ చేసిన కాసేపటికే మళ్ళీ లాక్. "హ్యాకర్లంటావా?" అని సారు గొంతు తగ్గించారు. ఈయన సర్వర్ లాగ్‌లో అకౌంట్ లాకైందని చెప్పే 4740 నంబరు ఈవెంట్ పట్టుకుని, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆరా తీసి, తిరిగొచ్చి చెయ్యి చాపాడు. "మీ ఫోనిలా ఇవ్వండి సార్." అందులో మెయిలుకి పాత పాస్‌వర్డే ఉంది. సారు జేబులోంచే అది మాటిమాటికీ లాగిన్ కొడుతోంది. హ్యాకర్ దొరికాడని ఆయన పైకి అనలేదు, ఇంక్రిమెంట్ల నెల కదా.

ఎప్పుడో మంచి మూడ్‌లో ఉంటే ఓ రహస్యం చెబుతాడు. "మీకే కాదండీ, డొమైన్‌లో ప్రతి కంప్యూటర్‌కీ ఓ పాస్‌వర్డ్ ఉంటుంది. ముప్ఫై రోజులకోసారి తనే మార్చుకుంటుంది, నాకు ఫోన్ చెయ్యకుండా."

పదిసార్లు పిలిచినా విసుక్కోని మనిషి. ఆయన్ని పదకొండోసారి పిలవకుండా ఉండే మార్గం ఒకటుంది. పాస్‌వర్డ్ మార్చిన రోజే ఫోన్లోనూ మార్చేయండి. ట్యాబ్ ఉంటే దాన్లో కూడా.