మా రోజుల్లో ఆ రాయిని చదివేవాళ్లం

జూన్ 2 పొద్దున టీవీ పెట్టాలంటే నాకు మనసొప్పదు. తెలంగాణ రాష్ట్ర అవతరణ దినం, సంతోషపడాల్సిన రోజు, కాదనను. కానీ ఏటా అదే తంతు. కార్లు వరుసగా వచ్చి హైదరాబాదులో అసెంబ్లీ ఎదుటి గన్‌పార్కు ముందు ఆగుతాయి. పెద్దమనుషులు దిగుతారు. ఎవరో పుష్పగుచ్ఛం అందిస్తారు, వీళ్లు దాన్ని అక్కడి 1969 అమరవీరుల స్తూపం మొదట్లో పెట్టి చేతులు జోడించి కెమెరాల వైపు తిరుగుతారు. మళ్లీ కార్లు. స్తూపానికి నాలుగు వైపులున్నాయి. చుట్టూ తిరిగి మిగతా మూడు వైపులూ చూసిన నాయకుడు ఒక్కడైనా ఉంటాడా అని ఏటా కళ్లు పెద్దవి చేసుకుని చూస్తాను. ఇంతవరకు నా కంటికి కనబడలేదు.

మా రోజుల్లో అట్లా కాదు. పూలదండ తెచ్చినా, ఉత్త చేతులతో వచ్చినా స్తూపం చుట్టూ తిరిగి, ఒక్కో వైపు నిలబడి చూసి కానీ కదిలేవాళ్లం కాదు. ఆ రాయిని చదివేవాళ్లం. దాని అర్థం చెప్పడానికి అప్పుడు ఏ గైడూ లేడు. మాలో ఒకరికి తెలిస్తే పక్కవాడికి చెప్పేవాడు, వాడు ఇంటికెళ్లి తమ్ముడికి చెప్పేవాడు.

ఇప్పటి పిల్లలకు అసలు 1969 అంటేనే తెలియదు కాబట్టి మొదటి నుంచి చెప్పాలి. 1956 నవంబర్ 1న తెలంగాణను కలుపుకుని ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. దానికి ముందు ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందం అని ఒకటి రాసుకున్నారు. తెలంగాణలో నౌకరీలు ఇక్కడివాళ్లకు, ఇక్కడి మిగులు రాబడి ఇక్కడి పనులకు, ఇవన్నీ చూసుకోవడానికి ఒక ప్రాంతీయ సంఘం. రాసుకున్నారు కానీ నిలబెట్టుకోలేదు. డిగ్రీ చేతికొచ్చిన పిల్లలు దరఖాస్తులు పట్టుకుని దఫ్తర్ల చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయారు. 1969 జనవరిలో పాల్వంచ, ఖమ్మం వైపు మొదలైన ఉద్యమం సెగ వారాల్లోనే ఉస్మానియా యూనివర్సిటీకి తాకింది. ఆ తర్వాత జిల్లాలన్నీ లేచాయి. కాలేజీలు మూతపడ్డాయి. మా ఈడువాళ్లు చాలామంది ఆ ఏడాది చదువు పోగొట్టుకున్నారు. అయితే చదువు పోయిందని ఏడ్చినవాళ్లను నేను పెద్దగా చూడలేదు, ఎందుకంటే పక్క బస్తీలో ఎవరి కొడుకో అసలు ఇంటికే తిరిగి రాలేదు.

పోలీసు కాల్పులు జరిగాయి. ఒకచోట కాదు, ఒకనాడు కాదు. 369 మంది పోయారని ఉద్యమం చెప్పుకుంటూ వచ్చిన లెక్క. అప్పటి సర్కారు ఆ లెక్కను ఒప్పుకోలేదు. పోయినవాళ్లలో ఎక్కువమంది విద్యార్థులు. మీసం సరిగ్గా రాని పోరగాళ్లు. పొద్దున ఊరేగింపుకు పోయినవాడి సైకిలు సాయంత్రం మరొకడు తోసుకుంటూ తెచ్చి గుమ్మం ముందు ఆనిస్తే, ఆ ఇంట్లోవాళ్లకు నోటితో చెప్పే పని ఉండేది కాదు.

ఆ తర్వాత రాజకీయం జరిగింది. మర్రి చెన్నారెడ్డి నాయకత్వంలో తెలంగాణ ప్రజాసమితి 1971 లోక్‌సభ ఎన్నికల్లో 14 స్థానాలకు 10 గెలిచింది. ప్రత్యేక తెలంగాణ కావాలన్న తమ మాట జనం అంత స్పష్టంగా చెప్పారు. ఏడాది తిరగకముందే ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. మాకు మిగిలిందేమిటని అడిగితే, అసెంబ్లీకి ఎదురుగా లేస్తున్న ఆ స్తూపం ఒక్కటే మిగిలిందని చెప్పాలి.

దానికి 1970లో పునాదిరాయి పడింది. సర్కారు కట్టించింది కాదది. నగరపాలక సంస్థలో ఉన్నవాళ్లు పట్టుబట్టి చేయించిన పని.  పోలీసు తుపాకీకి బలైనవాళ్లకు, ఆ పోలీసుకు ఆజ్ఞలిచ్చిన ప్రభుత్వం కూర్చునే సభకు ఎదురుగానే గుర్తు నిలపడం మాటలా? శాసనసభ్యులు కారెక్కినా దిగినా ఆ రాయి కంట పడాల్సిందే. చోటు ఎంచినవాళ్లకు ఎంత గుండె ఉండాలో ఇప్పుడు ఆలోచించేవాళ్లు లేరు. ఇప్పుడు విగ్రహం పెట్టాలంటే ముందు ట్రాఫిక్ చూస్తారు, పార్కింగ్ చూస్తారు, సెల్ఫీ బాగా వస్తుందా అని చూస్తారు.

సరే, స్తూపం దగ్గరికి వద్దాం. చెక్కింది ఎక్కా యాదగిరిరావు. కింద పునాది నల్లరాయి. దాని నాలుగు ముఖాల మీద తొమ్మిదేసి చిన్న గుంతలుంటాయి. తూటా దిగితే పడే గుర్తులవి. తొమ్మిది ఎందుకంటే అప్పటి తెలంగాణ జిల్లాలు తొమ్మిది: హైదరాబాదు, మహబూబ్‌నగర్, నల్లగొండ, మెదక్, నిజామాబాదు, ఆదిలాబాదు, కరీంనగర్, వరంగల్, ఖమ్మం. తూటా ఒక్క హైదరాబాదుకే తగల్లేదు, ప్రతి జిల్లా ఒంటి మీదా గాయం ఉందని చెప్పడం. మనిషి బొమ్మ చెక్కి ఛాతీలో తూటా చూపించవచ్చు. ఆయన అట్లా చేయలేదు. రాతికే గాయం చేసి చూపించాడు. నేను ఎన్నో ఊళ్లలో ఎన్నో స్మారకాలు చూశాను, ఇంత తక్కువ మాటల్లో ఇంత పెద్ద సంగతి చెప్పింది మరొకటి చూడలేదు.

పునాది మీద లేచిన స్తూపానిది ఎరుపు రంగు, అది త్యాగానికి గుర్తు. మధ్యలో మకరతోరణం, సాంచి స్తూపం తోరణాలను మనసులో పెట్టుకుని చేసింది. సాంచి ఎందుకని ఆ రోజుల్లో మాలో మేము వాదించుకునేవాళ్లం. ఒకడు అది బుద్ధుడి శాంతి అనేవాడు, ఇంకొకడు స్తూపమంటేనే పోయినవాళ్ల గుర్తు కదా, ఇంకేం కావాలి అనేవాడు. రెండూ నిజమే. పైకి లేచిన స్తంభాన్ని ఏ వైపు నుంచి చూసినా తొమ్మిది గీతలు కనిపిస్తాయి. దాని మీద ధర్మచక్రం. అన్నిటికన్నా పైన తొమ్మిది రేకుల తెల్లటి పువ్వు, అమరులకు వందనంగా. కింద తూటా గుంతల్లోనూ తొమ్మిదే, నడుమ గీతల్లోనూ తొమ్మిదే, పైన రేకుల్లోనూ తొమ్మిదే. కింద నుంచి పైకి చూపు కదిలిస్తే కథంతా వరుసగా ఉంటుంది: గాయం, నిలబడటం, పూయడం. 1970లలో, ఉద్యమం ఓడిపోయిందని అందరూ చేతులెత్తేసిన కాలంలో, ఒక శిల్పి ఆ రాతి కొసన పువ్వు పెట్టాడు. ఆ ధైర్యం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇంకొక్క సంగతి. అందులో ఏ నాయకుడి ముఖమూ లేదు. అందుకే అది అందరిదీ అయింది. కొడుకును పోగొట్టుకున్న తల్లి వచ్చి నిలబడితే ఆమెకు ఆమె కొడుకే కనిపించేవాడు, అడ్డంగా మరొకరి బొమ్మ ఉండేది కాదు. ఇప్పుడు చూడండి. చౌరస్తాకో విగ్రహం. ఒక పార్టీ ఒకటి పెడితే ఇంకో పార్టీ దాని పక్కన అంతకన్నా ఎత్తుది పెడుతుంది. సర్కారు మారితే బొమ్మలూ మారతాయి. ముఖం లేని ఆ స్తూపాన్ని మాత్రం ఇన్నేళ్లలో ఎవరూ తమదని రాసుకోలేకపోయారు, ఎవరూ కాదనలేకపోయారు.

మేము అక్కడికి పోయేటప్పుడు చెప్పులు దూరంగా విడిచేవాళ్లం. ఎవరూ చెప్పలేదు, బోర్డు కూడా ఏమీ లేదు. గట్టిగా మాట్లాడేవాళ్లం కాదు. నినాదమంటూ ఇస్తే ఒక్కటే, జై తెలంగాణ, అది కూడా పోలీసులు వచ్చేలోపు. గుమిగూడితే వాళ్లు వచ్చేవాళ్లు, చెదరగొట్టేవాళ్లు. తలవంచి దండం పెట్టడం కూడా నేరంలాగే ఉండేది ఆ రోజుల్లో. అయినా పోయేవాళ్లం. ఇప్పుడు ఆపేవాళ్లు లేరు, అందుకే కాబోలు పోయేవాళ్లూ లేరు. పోయేదల్లా పార్టీలు. ధర్నా మొదలుపెట్టాలంటే గన్‌పార్కు, పాదయాత్రకు ముందు గన్‌పార్కు, టికెట్ దొరకలేదని అలిగినా గన్‌పార్కు. ఎవరి కండువా వాళ్లది, ఎవరి నాయకుడికి జై వాళ్లది. అమరుల ముందు నిలబడి బతికున్నవాళ్లకు జై కొట్టడం నాకు మింగుడుపడదు.

ఆ మధ్య మనవణ్ని తీసుకుపోయాను. అసెంబ్లీ మెట్రో స్టేషన్‌లో దిగితే నాలుగడుగులే. ఇంజనీరింగు చదువుతున్నాడు, తెలివైనవాడు. ఫోన్ తీసి ఫొటో కొట్టాడు, పోదామా తాతా అన్నాడు. ఆ పువ్వుకు రేకులెన్నో లెక్కపెట్టు బిడ్డా అన్నాను. పెట్టాడు. తొమ్మిది అన్నాడు. ఎందుకు తొమ్మిది? వాడికి తెలియదు. జిల్లాలు అంటే, జిల్లాలు 33 కదా తాతా, తప్పు చెక్కారా అని అడిగాడు. వాడిని ఏమనాలి? 1978లో రంగారెడ్డి వచ్చి జిల్లాలు పది అయ్యాయి. పది జిల్లాలతో 2014లో రాష్ట్రం వచ్చింది. 2016 దసరాకు 31 చేశారు, 2019లో మరో రెండు కలిసి 33. ఇవన్నీ వాడు పోటీ పరీక్షల పుస్తకంలో చదివాడు, అప్పజెప్పగలడు కూడా. కానీ ఆ తొమ్మిదిని వాడికి ఏ బడిలోనూ ఎవరూ చూపించలేదు. పదో తరగతి దాకా వాడిని ఎన్ని విహారయాత్రలకు తిప్పారు! ఫిల్మ్‌సిటీకి తీసుకుపోయారు, నీళ్ల పార్కులకు తీసుకుపోయారు. అసెంబ్లీ ముందున్న ఈ రాయికి మాత్రం ఎవరికీ బస్సు దొరకలేదు. తప్పు వాడిది కాదు, వాడిని పెంచిన మా అందరిది.

తప్పు చెక్కలేదు బిడ్డా, అది 1969 నాటి లెక్క, దాన్ని అట్లాగే ఉండనివ్వాలి అని చెప్పాను. జిల్లాలు రేపు ఇంకా పెరగొచ్చు, తగ్గొచ్చు. తూటాలు తగిలిననాడు ఉన్న తెలంగాణ ఏదో ఆ రాయి చెబుతుంది. అప్పుడు వాడు తిరిగి పోయి, వంగి, గుంతలను వేలితో తడిమి చూశాడు.

చెక్కిన చేతుల సంగతి కూడా చెప్పాలి. ఎక్కా యాదగిరిరావు పేరు ఎంతమందికి తెలుసు? సినిమా పాట రాసినవాడి పేరు తెలుసు, క్రికెట్ ఆడేవాడి జెర్సీ నంబరు తెలుసు. తెలంగాణ ఉద్యమం మొత్తం ఏ రాయి ముందు ప్రమాణం చేసిందో ఆ రాయిని మలచినవాడి పేరు అడిగితే ముఖాలు చూసుకుంటారు. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం సత్కారం ప్రకటించిన తొమ్మిది మందిలో ఆయన పేరు ఉంది. సంతోషించాను. రాష్ట్రం వచ్చిన పదేళ్లకు గుర్తొచ్చింది మనకు. అదీ ఒక పూట వార్త అయి పోయింది.

ఇక అమరులకు కట్టిన కొత్త స్మారకం. 2023 జూన్ 22న, దశాబ్ది ఉత్సవాల చివరి రోజున, హుస్సేన్‌సాగర్ ఒడ్డున కొత్త సచివాలయానికి ఎదురుగా ప్రారంభించారు. ప్రమిద ఆకారం, అతుకు కనిపించని స్టెయిన్‌లెస్ స్టీలు, పైన వెలిగే జ్యోతి. లోపల మ్యూజియం, సభామందిరం, కింద బండ్లు నిలిపే చోటు. దాని మీద నాకు కోపం లేదు. 2009 తర్వాత ప్రత్యేక రాష్ట్రం కోసం ప్రాణాలు తీసుకున్న పిల్లలకు ఎంత పెద్ద దీపం పెట్టినా తక్కువే. రాత్రిపూట ట్యాంక్‌బండ్ మీద నుంచి చూస్తే కళ్లు చెమరుస్తాయి. నా బాధ వేరు. పెద్దది వచ్చింది కదా అని చిన్నదాన్ని మరిచిపోతున్నారు. స్టీలు ఎంత నున్నగా ఉందో, ఎంత ఖర్చయిందో, ప్రపంచంలో దానికి ఎన్నో స్థానమో చెబుతారు. గన్‌పార్కు స్తూపానికి అట్లా చెప్పుకునే కొలతలేమీ లేవు. దాని ఎదుట మనిషి తల వెనక్కి వాల్చి నోరు తెరిచి చూడడు, వంగి చూస్తాడు.

అంకెల మీద కూడా నాకు చిరాకు వస్తుంది. ఉపన్యాసాల్లో 1969 వాళ్లకు 369 అంటారు, 2009 తర్వాతివాళ్లకు 1200 అంటారు. అంకె నోట్లోంచి వచ్చినంత తేలికగా ఒక్క పేరు రాదు. మా రోజుల్లో అంకె ఎవరికీ సరిగ్గా తెలియదు, పేర్లు తెలుసు. ఫలానా బస్తీ, ఫలానా కాలేజీ, ఫలానా వాళ్ల రెండోవాడు అని చెప్పుకునేవాళ్లం. వాళ్ల తల్లిదండ్రులు పోయారు, అన్నదమ్ములు మా వయసువాళ్లు, వాళ్లూ ఒక్కొక్కరే పోతున్నారు. 1969 నాటి ఒక్కో కుటుంబం ఇంటికి పోయి, ఆ పిల్లవాడు ఎవరు, ఏం చదివేవాడు, ఏ రోజున ఎక్కడ పడిపోయాడు అని కూర్చుని రాసుకుంటే పుస్తకాలకు పుస్తకాలు అవుతాయి. సర్కారుకు యూనివర్సిటీలున్నాయి, చరిత్ర శాఖలున్నాయి, పరిశోధన చేసే పిల్లలున్నారు. ఈ పని ఇప్పుడు చేయకపోతే పదేళ్ల తర్వాత చేద్దామన్నా చెప్పేవాళ్లు ఉండరు.

అడిగేది పెద్దదేమీ కాదు. జూన్ 2నే కాకుండా మామూలు రోజుల్లో కూడా పొద్దున్నుంచి చీకటి పడేదాకా గన్‌పార్కు తలుపు తీసి ఉంచండి. అసెంబ్లీ నడిచే రోజుల్లో బారికేడ్లు పెట్టినా బడిపిల్లలకు దారి వదలండి. శిల్పి పేరు, తొమ్మిది జిల్లాల పేర్లు తెలుగులో, ఉర్దూలో అందరికీ కనబడేటట్టు ఒక పలక మీద రాయించండి. నగరంలోని ప్రతి బడీ ఎనిమిదో తరగతి పిల్లలను ఒక్కసారి అక్కడికి తీసుకురావాలని ఉత్తర్వు ఇవ్వండి. కథ చెప్పడానికి మనుషులు కావాలంటే మా వయసువాళ్లం ఇంకా కొంతమందిమి ఉన్నాం, పిలిస్తే చాలు.