ఖోలీ కొనబోయే తమ్మునికి అన్న చెప్పేది

తమ్మీ, నీకు పెళ్లి కుదిరిందట, సొంత ఖోలీ ఉన్నదా అని పిల్ల తరఫోళ్లు అడిగిన్రట. మంచిదే. నీ ఈడు పోరగాళ్లంత కల్యాణ్ అని, నాలాసోపారా అని లోకల్ బండి ఎక్కి పోతున్నరు. నువ్వు పోకు. నిజాం రాజ్యం నుంచి వచ్చి బొంబాయిల రాయి కొట్టి, గోడ కట్టిన కామాటీల పేరు మీద వెలిసిన పేట మనది. పేరు మనదైనప్పుడు కాయితం ఎవరిదైతే ఏంది? ఈ ఒక్క ధైర్యం ఉంటే చాలు, మిగిలింది నేను చెప్త.

ముందు పగిడీ సంగతి. కామాటిపురాల నీకు ఖోలీ అమ్మేటోడు మాలిక్ కాదు, కిరాయిదారు. వాళ్ల తాత మిల్లుల పని చేసిన కాలంల కిరాయికి దిగిన పది బై పన్నెండు ఖోలీ అది. మూలకు మోరీ, మీద పోట్‌మాళా, సండాస్ వరండా చివర పది ఇండ్లకు కలిపి. నువ్వు పగిడీ అని లక్షలకు లక్షలు పోస్తే నీకొచ్చేది ఆయన కిరాయి హక్కు. గోడలు, కప్పు, కింది జాగ అన్నీ ఘర్‌మాలిక్‌వే. కొన్న నెల నుంచే ఆయనకు కొన్ని వందల కిరాయి కట్టుకుంట ఉండాలె. ఇల్లు కొని కూడా కిరాయిదారుగ ఉండే భాగ్యం ఎందరికి దొరుకుతది?

ఆ మాలిక్‌ను మాత్రం కలువకు. కలిస్తే కిరాయి పావతి నీ పేరు మీదికి మార్చడానికి పగిడీల మూడోవంతు దాక అడుగుతడు. 1947 కిరాయి చట్టం పగిడీ తీసుకునుడే నేరమన్నది. 1999 చట్టం దాన్ని ఒప్పుకున్నది, 2000 నుంచి అమలుల ఉన్నది. అది చూసుకొని భయస్తులు మాలిక్ ముందట కూసోని, ఆయన వాటా ఆయనకు చెక్కుతోని కట్టి, ఒప్పుకున్నట్టు రాయించుకొని, కొత్త పావతి చేతిల పట్టుకున్నంకనే లేస్తరు. నీకంత ఓపిక ఎందుకు? స్టాంపు కాయితం మీద ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకో, తాళంచెయ్యి జేబుల ఏసుకో. మాలిక్‌కు తెలిసేవరకు నీ పిల్లలు బడికి పోతుంటరు.

అమ్మేటోడు పాత పావతి చూపెడితే దాని మీద ఎవరి పేరున్నదో చదువకు. చదివితే రంది. మన గల్లీలల్ల రివాజు ఏందంటే, పావతి ఎన్నడో చచ్చిపోయిన తాత పేరు మీద ఉంటది, కరెంటు బిల్లు కొడుకు పేరు మీద, రేషన్ కార్డు కోడలి పేరు మీద. అందరూ ఒక్క ఇంటోళ్లే గదా! తాతకు ఇంకో కొడుకు జగిత్యాలల ఉన్నడు, బిడ్డ షోలాపూర్‌ల ఉన్నది, సరే. వాళ్లు ఈ ఖోలీ ముఖం చూసి ఏండ్లయింది. ఇక్కడ టవర్ లేస్తదని పేపర్ల పడ్డనాడు రైలు దిగి వస్తరేమో. వచ్చినప్పుడు చాయ్ పోద్దువు.

పైసల కాడికొస్తే, బ్యాంకుకు పోయి పరువు తీసుకోకు. పగిడీ ఖోలీని చూసి అప్పియ్యమంటే మేనేజర్ తలకాయ అడ్డం తిప్పుతడు. అంత చదువుకున్నోడు ఎందుకట్ల తిప్పుతున్నడో ఆలోచించకు. చిట్టీ పాట పాడు, అమ్మ పుస్తెలతాడు కుదువ పెట్టు, ఊర్ల ఉన్న రెండెకరాలు అమ్మెయ్యి. మొత్తం నోట్లల్లనే ఇయ్యి. ఆస్తి బేరంల 20,000 గని అంతకు మించి గని నగదు తీసుకున్నోనికి అంతే మొత్తం జుర్మానా అని ఇన్‌కం టాక్స్ చట్టం చెప్తది. తీసుకునేటోనికే గదా, నీకేం పాయె? రేపు నేను పైసలే తీసుకోలేదని వాడు మొండికేస్తే అప్పుడు చూద్దువు.

బిల్డింగు చూడాలంటే మాఘమాసంల చూడు, వానకాలంల అటుదిక్కు పోకు. మెట్ల కింద కర్ర టేకులు నిలబెట్టి ఉంటే సంబురపడు. ఏటా వానలకు ముందు సర్కారు ఇండ్ల సంస్థ మ్హాడా అతి ప్రమాదకరమైన బిల్డింగుల జాబితా పెడతది, అందుల మన బిల్డింగు ఉంటే ఇంకా మంచిది. ఎంత పాతదైతే అంత తొందరగ కూలగొట్టి కొత్తది కడతరని మన దలాల్‌లు చెప్పే లెక్క. భెండీ బజార్ ఇక్కడికి నడిచిపోయే దూరం. అక్కడి హుస్సైనీ బిల్డింగు కూడ రీడెవలప్‌మెంట్‌ల ఉన్నదే. 2017 ఆగస్టు 31 పొద్దున దానంతటదే కూలింది, 33 మంది పోయిన్రు. ఈ ముచ్చట మీ అత్తగారి ముందట తియ్యకు.

ఇక ధర. ఖోలీ నూట ఇరవై చదరపు అడుగులే అయినా, ధర మాత్రం 500 అడుగుల ఫ్లాటుకు కట్టి ఇయ్యాలె. ఎందుకంటే కామాటిపురా మొత్తం, 27 ఎకరాల పైచిలుకు జాగ, రిపేరు సెస్ కట్టే పాత బిల్డింగులు తొమ్మిది వందలకు పైగ, మ్హాడా తిరిగి కట్టిస్తనన్నది, కిరాయిదారులకు 500 అడుగుల ఇల్లు అన్నది. ఎప్పుడని అడుగుడు అపశకునం. వర్లీ బీడీడీ చాళ్లల్ల మనోళ్లు చానామంది ఉన్నరు, వాళ్లను చూసి నేర్చుకో. 160 అడుగుల ఖోలీలు, తెల్లదొరల కాలంల 1920లల్ల కట్టినవి. 2017 ఏప్రిల్‌ల భూమిపూజ అయింది, 2025 ఆగస్టుల మొదటి 556 కుటుంబాలకు తాళంచెవులు అందినయి. జాగ సర్కారుది, మాలిక్ ఒక్కడే, అయినా ఎనిమిదేండ్లు. కామాటిపురాల మాలిక్‌లే వందలమంది. ఇండ్లిచ్చేటప్పుడు మ్హాడా చూసేది రికార్డుల కిరాయిదారు ఎవరని. అంటే ఆ తాతనే. ఆయన పోయి ఎన్నేండ్లయిందో మళ్లీ చెప్పాల్నా?

ఇంత చెప్పినా డోంబివ్లీల కొత్త ఫ్లాటే కొంటనంటే రెరా నంబర్ చూడకు. అక్కడ 65 బిల్డింగులు మున్సిపాలిటీ దొంగ కాయితాలు పెట్టి రెరా నంబర్ సంపాయించినయి, 2024ల హైకోర్టు కూలగొట్టమన్నది. నంబర్ ఉన్నా కూలగొడితే చూసి ఏం లాభం? ఆ నంబర్‌తోపాటు మున్సిపాలిటీ ఆఫీసుకు పోయి పర్మిషన్ అసలుదేనా అని అడిగేటోళ్లు ఉంటరు. వాళ్లకు వేరే పని లేదు. రిజిస్టర్ అగ్రిమెంట్ లేకుండ బిల్డర్ పది శాతం మించి తీసుకోవద్దని రెరా చట్టం అంటది. నువ్వు సగం ఇయ్యి, బిల్డర్ మొహం వెలుగుతది. మ్హాడా లాటరీకి దరఖాస్తు అసలే పెట్టకు. పేరు రాకుంటే డిపాజిట్ వాపసు వస్తది, వస్తే ఇల్లు నేరుగ నీ పేరు మీదనే ఉంటది. మధ్యల నాలాంటోడు ఎట్ల బతకాలె?

నా ఇల్లు ఎక్కడనా? కల్యాణ్‌ల. ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చినంక కొన్న, బ్యాంకు లోన్‌తోని. రిజిస్ట్రేషన్ మీ వదిన పేరు మీద చేయించిన, ఆడోళ్ల పేరైతే స్టాంపు డ్యూటీల ఒక శాతం తగ్గుతది.