పోస్టులో పిస్తోలు

1927 నుంచి పిస్తోలుకు జరుగుతున్న అన్యాయం ఇన్నాళ్లకు అమెరికా న్యాయశాఖ కంటపడింది. ఒంటిమీద దాచుకోగల తుపాకులు పోస్టులో పంపకూడదన్న పాత చట్టం పిస్తోళ్ల విషయంలో రాజ్యాంగ విరుద్ధమని 2026 జనవరిలో తేల్చేసింది. పాపం, రైఫిల్ దర్జాగా పార్సిళ్లలో తిరుగుతుంటే, మామూలు మనిషి పిస్తోలు తొంభై తొమ్మిదేళ్లుగా పోస్టాఫీసు గడప తొక్కలేకపోయింది మరి!

సొంత రాష్ట్రంలో ఒకరికొకరు తుపాకులు పంపుకునే నియమాలు ఇంకా ముచ్చటైనవి. టెక్సస్‌లో పడమటి కొసన ఎల్ పాసో, తూర్పు కొసన ఆరెంజ్. నడుమ ఎనిమిది వందల మైళ్ల పైమాటే. అయినా రైఫిల్ పోస్టులో పంపుకోవచ్చు. ఒకే రాష్ట్రం కదా, ఇంటి వ్యవహారం!

టెక్సర్కానాకు రండి. ఆ ఊరి నడివీధే సరిహద్దు. ఇటు టెక్సస్, అటు ఆర్కన్సా. ఇటువైపాయన ఎదురింటాయనకు రైఫిల్ పంపితే కేంద్ర చట్టం కింద నేరం. మధ్యలో లైసెన్సున్న వ్యాపారి ఉండాలి, కొనేవాడి నేరచరిత్ర ఆరా తీయించాలి.

ఇంతా చేసి, ఆ ఊరి పోస్టాఫీసు భవనం సగం ఆ రాష్ట్రంలో, సగం ఈ రాష్ట్రంలో! రోజూ పలకరించుకునే ఎదురింటాయనేమో పరాయివాడు. ఎల్ పాసోలో ఉన్న ముక్కూ మొహం తెలియనివాడు మనవాడు. ప్రమాదం తుపాకీలోనూ లేదు, పట్టుకున్నవాడి బుర్రలోనూ లేదు, చిరునామాలో ఉందట.

తూటాలు మాత్రం పోస్టులో పంపకూడదు. వైన్ సీసా అసలే కూడదు, జనం చెడిపోతారు. రైఫిల్ పెట్టెమీద మాత్రం లోపల తుపాకీ ఉందని తెలిసే గుర్తేదీ ఉండరాదు.

నవ్వింది చాలు. 1963లో ఆస్వాల్డ్ ‘ఎ. హిడెల్’ అనే దొంగపేరుతో షికాగో దుకాణం నుంచి 19 డాలర్ల 95 సెంట్ల రైఫిల్‌ను డల్లాస్‌లోని తన పోస్టు బాక్సుకు తెప్పించుకున్నాడు. అధ్యక్షుడు కెన్నెడీని చంపింది దాంతోనే. ఆ తర్వాత మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెన్నెడీ కూడా నేలకొరిగితే గానీ తుపాకులను కట్టడి చేసే 1968 చట్టం రాలేదు. అదైనా రాష్ట్ర సరిహద్దు గీత దగ్గరే చతికిలబడింది. ఈనాటికీ టెక్సస్‌లో మామూలు మనిషి తన రైఫిల్‌ను తోటి టెక్సస్‌వాడికి అమ్మేటప్పుడు నేరచరిత్ర చూడనక్కర్లేదు. తుపాకీ నిషేధం ఉన్నవాడని తెలిసో, అనుమానించే కారణం ఉండో ఇవ్వకూడదు, అంతే. అడగకపోతే తెలియదు, తెలియకపోతే తప్పు లేదు. దీన్ని చట్టమంటారా? కళ్లు మూసుకోమని ఇచ్చిన అనుమతి ఇది. దీనిమీద ఇప్పుడు పిస్తోలుకూ పోస్టాఫీసు తలుపు తీయాలా?

డల్లాస్‌లో, హ్యూస్టన్‌లో ఓటున్న తెలుగువాళ్లకు ఒక్క మనవి. ఓటడగడానికి వచ్చిన నాయకుణ్ణి నిలబెట్టి అడగండి: పార్సిల్ విప్పేవాడెవడో చూడాల్సిన బాధ్యత ఎవరిది?