‘నిన్న వచ్చియున్న’: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

నిన్న వచ్చియున్న నీకును గనబడు
నేడు లేదు పిట్ట నింగి తేట
వాన గాలి యున్న వలసలు దిగునయ్య
ఎండ మనకు శిక్ష యేమి చేతు

అవతారిక

ఈ పద్యానికి కర్త ఫలానా అని తేల్చడానికి శాసనాధారాలు లేవు. గ్రీసు దేశపు లెస్బోస్ దీవిలో, కల్లోని ఉప్పుమళ్ల గట్టున, ఏప్రిల్ చివరి రోజుల్లో, ముక్కాలిపీట మీద టెలిస్కోపు నిలబెట్టుకుని ఎండలో మాడే ప్రతివాడూ దీనికి కర్తే. ఇంగ్లీషువాడు ఇంగ్లీషులో, డచ్చివాడు డచ్చి భాషలో రోజూ దీన్నే వల్లిస్తారు. మనకు ఛందస్సు ఉంది గనక గణాలు కుదిరాయి. సందర్భం ఇది: అప్పుడే అద్దెకారు దిగి, “ఏమైనా ఉన్నాయాండీ?” అని అడిగిన కొత్తవాడికి, తెల్లవారుజాము నుంచి అక్కడే ఉన్న పాతకాపు చెప్పిన జవాబు.

టీక

నిన్న = గడిచిపోయిన దినమున; వచ్చియున్న = నీవు వచ్చి ఉన్నట్లయితే; నీకును = నీవంటివానికి సైతం; కనబడున్ = కనబడి ఉండేది; నేడు = నీవు వచ్చిన ఈ దినమున; పిట్ట లేదు = చెప్పుకోదగ్గ పక్షి లేదు; నింగి తేట = ఆకాశం మబ్బు లేక నిర్మలంగా ఉంది; వాన గాలి యున్న = వానా ఎదురుగాలీ కలిసి వస్తే; వలసలు = వలసపోయే పక్షులు; దిగున్ = నేల వాలును; అయ్య = ఓ పెద్దమనిషీ; ఎండ = ఈ పాడు ఎండ; మనకు = చూడవచ్చిన మనకు; శిక్ష = దండన; ఏమి చేతు = ఏం చేసేది?

తాత్పర్యం

నువ్వు ఒకరోజు ఆలస్యంగా వచ్చావు. తప్పు నాది కాదు, వాతావరణానిది.

విశేషాలు

‘నీకును’ అన్నచోట సముచ్చయార్థం గమనించాలి. బైనాక్యులర్‌ను తలకిందులుగా పట్టుకునే నీకు కూడా కనబడేదంటే, వచ్చిన పిట్ట సామాన్యమైనది కాదని ధ్వని. ‘నీకు’ అని ఏకవచనం వాడి వెంటనే ‘అయ్య’ అని గౌరవించడం దోషం కాదు. వెడల్పు టోపీ కింద ఎదుటివాడి వయసు తెలియనప్పుడు అనుసరించవలసిన జాగ్రత్త అది.

‘నిన్న’కు బదులు ‘మొన్న’ అని ఒక పాఠాంతరం ఉంది. యతి చెడుతుంది గనక పండితులు ఒప్పుకోరు. హోటల్లో పొద్దుటి కాఫీ దగ్గర ఎక్కువగా వినిపించేది మాత్రం ఆ పాఠమే.

‘పిట్ట’ అని జాతివాచకం వేసి ఊరుకున్నాడు కవి. ఏ పిట్ట? ఉప్పుమళ్లలో రాజహంసలు ఉన్నాయి గదా, మన పులికాట్‌లో దిగేవి కూడా ఆ జాతివే గదా, ‘లేదు పిట్ట’ అంటే అబద్ధం కాదా అని శంక. కాదు. గులాబీరంగు పొడుగుకాళ్ల స్టిల్టులు కాళ్ల దగ్గర నడుస్తున్నా, నెత్తిన తేనెటీగల పిట్టలు గుంపులుగా ఎగురుతున్నా, అవి రోజూ ఉండేవి గనక లెక్కలోకి రావు. పిట్ట అనగా నిన్నటి జాబితాలో ఉండి నేటి జాబితాలో లేనిది. వచ్చిన మొదటిరోజు తీగమీద వాలిన యూరప్ పాలపిట్టను చూసి పొంగిపోయినవాడే నాలుగోనాటికి, “అదేలే” అని కారు పోనిస్తాడు. ఇది శాస్త్రం పేరుతో చెలామణి అయ్యే దురాశ అని ఈ వ్యాఖ్యాత అభిప్రాయం.

ఇక ‘నేడు లేదు’. నిన్న ఉన్న పిట్ట నేడు ఎక్కడికి పోయింది? ఈ ప్రశ్నకు ఇదే తీరాన పూర్వ వ్యాఖ్యాత ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు అరిస్టాటిల్. క్రీ.పూ. 345 ప్రాంతంలో లెస్బోస్‌లో కాపురం ఉండి, అప్పట్లో పిర్రా పేరుతో పిలిచిన ఈ కల్లోని అఖాతంలోని చేపలనూ నత్తలనూ పట్టి పట్టి చూశాడు. ఆయన స్నేహితుడు, మొక్కల శాస్త్రానికి ఆద్యుడైన థియోఫ్రాస్టస్ ఈ దీవిలోని ఎరెసోస్‌వాడే. కొంగల్లాంటి క్రేన్ పక్షులు స్కిథియా మైదానాల నుంచి నైలునది పుట్టే చిత్తడినేలల దాకా పోతాయని అరిస్టాటిల్ రాశాడు. అంటే వలస సంగతి ఆయనకు తెలుసు. చిన్నపిట్టల దగ్గరికి వచ్చేసరికే తడబడ్డాడు. వానకోవిలల్లో కొన్ని చలికాలంలో ఈకలు రాలి బొరియల్లో దాక్కుంటాయన్నాడు. వేసవిలో కనిపించే రెడ్‌స్టార్ట్ చలికాలంలో రాబిన్‌గా మారిపోతుందన్నాడు. గ్రీసులో ఒకటి పోయే వేళకు రెండోది వస్తుంది; రెండింటికీ ఒంటిమీద ఎరుపుంది; రెండింటినీ ఒకేసారి చూసినవాడు అరుదు. అనుమాన ప్రమాణం ఒక్కదానితో నడిస్తే ఎవరైనా అక్కడికే చేరతారు.

ఇది పూర్వపక్షం. సిద్ధాంతానికి రెండువేల ఏళ్లు పైన పట్టింది. 1822లో ఉత్తర జర్మనీలో ఒక తెల్లకొంగను కాల్చి కిందికి దించితే, దాని మెడలో ఆఫ్రికావాళ్ల బల్లెం గుచ్చుకుని ఉంది. అక్కడ పొడిపించుకుని, ఆ బల్లెంతోనే ఇంటికి ఎగిరొచ్చిన ఆ కొంగ రోస్టాక్ విశ్వవిద్యాలయంలో ఇప్పటికీ ఉంది. దీనికి మించిన ప్రత్యక్ష ప్రమాణం ఏ తర్కశాస్త్రంలోనూ కనపడదు. 1899లో మార్టెన్సన్ అనే డెన్మార్క్ బడిపంతులు స్టార్లింగ్ పిట్టల కాళ్లకు నంబరు చెక్కిన అల్యూమినియం కడియాలు తొడగడంతో, పిట్టను చంపకుండానే ఎటు పోయిందో తెలుసుకునే దారి దొరికింది.

‘వాన గాలి యున్న’ అన్న మూడోపాదంలోనే పద్యం ప్రాణం ఉంది. చలికాలం ఆఫ్రికాలో గడిపిన చిన్నపిట్టలు కడుపునిండా తిని, కొన్ని దాదాపు రెట్టింపు బరువెక్కి, రాత్రిపూట బయల్దేరతాయి. సహారా దాటాలి, తర్వాత సముద్రం దాటాలి. రాత్రి నిర్మలంగా ఉండి గాలి వెనకనుంచి తోస్తే, లెస్బోస్ మీదుగానే పోతూ కూడా దాన్ని పట్టించుకోవు. పక్కనే టర్కీ తీరం. దాన్నీ దాటి గూటిదారి పడతాయి. తెల్లారేసరికి మనకు మిగిలేది నింగి తేట. ఎదురుగాలి లేచి వాన పట్టుకుంటేనే ఒంట్లో కొవ్వు కరిగిపోయి, రెక్క ఆడక, కంటబడిన మొదటి నేల మీద రాలినట్టు దిగుతాయి.

దీవి పడమటి కొసన సిగ్రి దగ్గర ఫనెరోమెని లోయ ఉంది. అక్కడి అంజూరు చెట్ల కింద వాన వెలిసిన ఉదయం నిలబడితే పైకి చూడనక్కర్లేదు. ఉడ్ వార్బ్లర్ అనే పిట్ట బరువు 10 గ్రాములు. గొంతు నిమ్మపండు పసుపు, పొట్ట తెలుపు. మామూలుగా చెట్టు కొసన ఆకుల్లో ఉండి మెడనొప్పి తెప్పించే ఈ పిట్ట, ఆ పూట బూట్ల మధ్య గెంతుతుంది. తడిసిన ఈకలు ముద్దకట్టి ఉంటాయి. ఆకు అడుగున పురుగు కనబడితే లాగి మింగుతుంది, ఒక్క క్షణం కన్ను మూస్తుంది, మళ్లీ తెరుస్తుంది. మనిషిని చూసి భయపడాలన్న సంగతి దానికి గుర్తుండదు. భయపడటానికి కూడా శక్తి కావాలి. చుట్టూ పదిమంది, ఆరడుగుల పొడుగు లెన్సులతో, “ఎంత అదృష్టం!” అంటుంటారు.

నాలుగోపాదంలో ‘మనకు’ అన్న మాటను కవి తెలిసే వేశాడా, గణం కోసం వేశాడా అని చర్చ ఉంది. తెలిసే వేశాడని నా పక్షం. ఎండ శిక్ష అయింది చూసేవాడికి. పిట్టకు అదే వరం. చూపరికి పండగైన రోజున సముద్రం మధ్యలో ఎన్ని పిట్టలు నీళ్లపాలయ్యాయో జాబితాలో ఎవడూ రాయడు. ఇక్కడ అలంకారం విరోధాభాసమని కొందరంటారు. ఆభాసం ఎక్కడుంది? విరోధం నిజమైనదే. పిట్టల్ని ప్రేమిస్తున్నానని చొక్కామీద అచ్చు వేయించుకున్నవాడు, రాత్రి పడుకునేముందు వాతావరణ సూచన చూసి తుఫాను రాలేదని నిట్టూరుస్తాడు. ‘యేమి చేతు’ అన్నది ఆ సిగ్గు తెలిసినవాడి మాట గనక ఈ పద్యం నిలిచింది.

ఈ పద్యం వర్తించని పిట్ట ఒకటుంది. అఖ్లదేరి పైన్‌వనంలోని క్రూపర్స్ నట్‌హాచ్. గ్రీసు మొత్తంలో ఇది ఉండేది ఈ దీవిలోనే. ఎండిన పైన్‌మోడులో తొర్ర తొలుచుకుని ఏడాది పొడుగునా అక్కడే ఉంటుంది. ఎండొచ్చినా వానొచ్చినా, నిన్న వచ్చినా నేడు వచ్చినా కనబడుతుంది. అందుకే దానిమీద పద్యాలు లేవు.

చివరగా మనవాళ్లకు సంబంధించిన ముక్క ఒకటి. వసంతంలో లెస్బోస్‌కు ఆలస్యంగా, ఏప్రిల్ ఆఖరున గానీ చేరని పిట్టల్లో ఒకటి నల్లతల బంటింగ్. మగదానికి నల్లటి తల, మెరిసే పసుపు కడుపు. ముళ్లపొద కొసన కూర్చుని పాడుతుంది. తక్కినవాటిలో చాలామటుకు ఆఫ్రికా నుంచి వస్తుంటే ఇది వచ్చేది మన దేశం నుంచి. పశ్చిమ, మధ్య భారతంలో, దక్కన్ పీఠభూమి చేలల్లో చలికాలమంతా గింజలు తిని పోతుంది. లెస్బోస్ దాకా పోయే వీలులేనివారు, జొన్న కంకి పట్టే రోజుల్లో పొలంగట్టున నిలబడి, పిచ్చుకలే అనుకుని డబ్బా వాయించి ఆ గుంపును తోలేముందు ఒక్కసారి కడుపు రంగు చూడండి.