ఖాళీ ఉంటే దమ్ము

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరుపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. మా ఊళ్లో దమ్ము కిరాయి మాత్రం దిగలేదు. అడిగితే 'డీజిలు జీఎస్టీలో లేదు కదా బాబాయ్!' అన్నాడు డ్రైవరు. పాఠం బాగానే వచ్చు.

కాగితాల్లో ఆ ట్రాక్టరు వ్యవసాయ వాహనమే. పొద్దున ఇసుక, మధ్యాహ్నం ఇటుక, సాయంత్రం నాయకుడి సభకు జనం, రాత్రి పెళ్లి ఊరేగింపు. ట్రక్కులో పరిచిన గడ్డి మీద నిన్నటి జెండా కర్ర, మొన్నటి బంతిపూలు ఇంకా అలాగే ఉన్నాయి. పార్టీ ఏదన్నది కర్రకూ గుర్తులేదు.

'దాళ్వా నారు ముదిరిపోతోందిరా' అని బతిమాలాను.

'సంక్రాంతి తీర్థానికి స్టేజీ మన ట్రక్కే బాబాయ్. డాన్సులయ్యాక వచ్చేస్తా!'